కర్నూలు పత్తిపై వాతావరణ మార్పు ప్రభావం: అధ్యయనం చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, ఆదోని, నంద్యాల ప్రాంతాల పత్తి మీద ప్రాజెక్టు చేపట్టే విద్యార్థులు, కొత్తగా పరిశోధనలోకి అడుగుపెట్టిన వ్యవసాయ పట్టభద్రులు, తమ పొలంలో వస్తున్న తేడాను లెక్కలతో తెలుసుకోవాలనుకునే చదువుకున్న రైతులు ఏటా నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, పని జరిగే క్రమంలో ఇక్కడ పేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకున్నా అర్థం కావాలన్న ఉద్దేశంతో కొన్ని విషయాలను అక్కడక్కడ మళ్లీ చెప్పాను.

## అంశాన్ని ఎంచుకునే ముందు

ఈ ఏడు జూలైలో వాన పడలేదు. దీన్ని వాతావరణ మార్పు అని రాయవచ్చా?

రాయకూడదు. తెలుగులో ‘వాతావరణం’ అనే ఒక్క మాటనే ఈ రోజు ఉక్కపోతకూ, దశాబ్దాల పోకడకూ వాడుతుండటం వల్ల ఈ చిక్కు వస్తోంది. ఒక ప్రాంతపు శీతోష్ణస్థితిని నిర్ణయించడానికి కనీసం 30 సంవత్సరాల సగటును చూడటం వాతావరణ శాస్త్రంలో ఉన్న పద్ధతి. ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రామాణిక కాలం 1991–2020. ఒక ఏటి బెట్ట ఆ సగటు చుట్టూ ఎప్పుడూ ఉండే ఊగిసలాటలో భాగం కావచ్చు. అలాంటి బెట్టలు అంతకుముందు 30 ఏళ్లలో ఎన్నిసార్లు వచ్చాయి, ఈ 30 ఏళ్లలో ఎన్నిసార్లు వచ్చాయి, ఎన్ని రోజులు సాగాయి అని లెక్కపెట్టి చూపగలిగినప్పుడు మాత్రమే మార్పు అనే మాటకు ఆధారం ఏర్పడుతుంది.

దేశం మొత్తానికి సంబంధించిన నేపథ్యం కావాలంటే, 2020లో కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ వెలువరించిన అంచనా నివేదికను చూడవచ్చు. 1901–2018 మధ్య భారతదేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని, 1951–2015 మధ్య నైరుతి రుతుపవన వర్షపాతం సుమారు 6 శాతం తగ్గిందని అది చెబుతోంది. ఇవి దేశ సగటులు కనుక వీటిని ఎమ్మిగనూరుకో పత్తికొండకో యథాతథంగా అంటగట్టకూడదు.

రాయలసీమలో కరువు ఎప్పుడూ ఉన్నదే కదా, కొత్తగా మారినదేమిటని గైడ్ అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ఆ ప్రశ్న న్యాయమైనదే. 1876–78 నాటి మహా కరువు కర్నూలు, బళ్ళారి, కడప సీమలను పీల్చి పిప్పి చేసింది; అప్పటికి మన గాలిలో భూమిని వేడెక్కించే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఇంతగా పెరగలేదు. అందువల్ల ‘మా జిల్లాలో కరువు ఉంది’ అని నిరూపించడం వాతావరణ మార్పు అధ్యయనం కాదు.

మీ అధ్యయనం అడగవలసిన ప్రశ్నలు వేరు. మొదటి పదును వాన వచ్చే తేదీ వెనక్కి జరిగిందా? విత్తిన తర్వాత వచ్చే బెట్ట నిడివి పెరిగిందా? అదే మొత్తం వాన తక్కువ రోజుల్లో కుమ్మరించి పోతోందా? పూత దశలో రాత్రి ఉష్ణోగ్రత పెరిగిందా? పత్తి విడిపించే కాలంలో ముసురు పట్టే రోజులు ఎక్కువయ్యాయా? వీటిలో ఒకటి రెండు ఎంచుకొని లోతుగా చూడండి. అన్నింటినీ ఒక్క ప్రాజెక్టులో తేల్చబోతే ఏదీ తేలదు.

పత్తి ఎండను తట్టుకునే పంట కదా, వేడి పెరిగితే దానికి వచ్చే నష్టం ఏమిటి?

పత్తి మొక్క బతకడం వేరు, పత్తి చేను కాయడం వేరు. మొక్క 40 డిగ్రీల ఎండలోనూ పచ్చగా నిలబడగలదు. పువ్వు, పిందె అలా నిలబడలేవు. పత్తి పువ్వు తెల్లవారిన తర్వాత విచ్చుకొని ఆ పూటే పరాగ సంపర్కం ముగించుకుంటుంది. మరునాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ ఒక్క పూట పుప్పొడి చెడిపోతే ఆ పువ్వు పని అయిపోయినట్లే. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటేకొద్దీ పుప్పొడి మొలకెత్తే శక్తి తగ్గుతుంది. రోజు సగటు 30 డిగ్రీలు మించుతున్నకొద్దీ లేత పిందెలు నిలవడం తగ్గిపోతుందని నియంత్రిత గదుల్లో జరిగిన ప్రయోగాలు చూపించాయి.

రాత్రి వేడి చేసే నష్టం కంటికి కనిపించదు కాబట్టి దాన్ని విద్యార్థులు తరచుగా వదిలేస్తుంటారు. పగలు తయారుచేసుకున్న ఆహారాన్ని మొక్క రాత్రి శ్వాసక్రియలో కొంత ఖర్చు చేస్తుంది. రాత్రి వెచ్చగా ఉంటే ఆ ఖర్చు పెరిగి, కాయకు చేరవలసింది తగ్గుతుంది.

ఇంకొక ముఖ్య విషయం, వేడినీ తేమనూ విడదీసి చూడకూడదు. నేలలో పదును ఉన్నంతసేపు ఆకు నీటిని ఆవిరిగా వదులుతూ తనను తాను చల్లబరుచుకుంటుంది. పదును ఆరిపోతే ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, అప్పుడు ఆకు ఉష్ణోగ్రత గాలి ఉష్ణోగ్రతను మించిపోతుంది. కాబట్టి అదే 36 డిగ్రీలు తడి చేనులో ఒకలాగా, బెట్టకు గురైన మెట్ట చేనులో మరొకలాగా పనిచేస్తాయి. మన జిల్లాలో వేడి దెబ్బ చాలావరకు బెట్ట వెంట వస్తుందని నా అభిప్రాయం.

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే పత్తికి మేలే అంటారు. నిజమేనా?

సగం నిజం. పత్తి కిరణజన్య సంయోగక్రియలో వరి, గోధుమల తరగతికి చెందినది, అంటే గాలిలో ఆ వాయువు పెరిగితే దాని ఎదుగుదల పెరిగే అవకాశం ఉన్న మొక్క. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాల్లో 280 భాగాలుగా ఉన్న ఈ వాయువు ఇప్పుడు 420 భాగాలు దాటింది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం మారికోపాలో 1980ల చివర, 1990ల తొలినాళ్లలో బహిరంగ పొలంలోనే పత్తి చుట్టూ ఈ వాయువును వదిలి చేసిన ప్రయోగాల్లో దిగుబడి పెరిగింది.

అయితే ఆ లాభం చేతికి రావాలంటే పువ్వు కాయగా నిలవాలి. వేడి వల్ల పిందె రాలుతున్నప్పుడు ఈ వాయువు ఎంత పెరిగినా ఆ రాలడాన్ని ఆపలేకపోయిందని నియంత్రిత గదుల ప్రయోగాలు చెబుతున్నాయి. మీ నివేదికలో మేలును దాచకండి, కీడును పెంచకండి; రెండూ రాసి, మీ ప్రాంతంలో ఏది పైచేయి అవుతుందో మీ సమాచారంతో చెప్పండి.

జిల్లా మొత్తం తీసుకోవాలా, ఒక మండలం చాలా?

చేతిలో ఒక్క ఏడాదే ఉంటే నాలుగైదు మండలాలు చాలు, కానీ వాటిని నేల, నీరు చూసి ఎంచుకోవాలి. ఆదోని వైపు మెట్ట, నంద్యాల వైపు లోతైన నల్లరేగడి, కె.సి. కాలువ కింద తడి, తుంగభద్ర దిగువ కాలువ కింద తడి: ఇవన్నీ ఒకే సగటులో కలిపేస్తే అసలు కథ అందులోనే మునిగిపోతుంది.

## సమాచారం సేకరించేటప్పుడు

వాన, ఎండ లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం దేశాన్ని అక్షాంశ, రేఖాంశాల గళ్లుగా విభజించి రోజువారీ లెక్కలను అందిస్తోంది. వర్షపాతం 1901 నుంచి 0.25 డిగ్రీల గళ్లలో, ఉష్ణోగ్రత 1951 నుంచి 1 డిగ్రీ గళ్లలో దొరుకుతుంది. మండల స్థాయి వర్షపాతానికి జిల్లా ప్రణాళికా విభాగాన్ని, ఇటీవలి సంవత్సరాల స్వయంచాలక కేంద్రాల సమాచారానికి రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘాన్ని అడగాలి. 1906 నుంచి పనిచేస్తున్న నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానంలో పొలం పక్కనే కొలిచిన వాతావరణ వివరాలు ఉంటాయి; అనుమతి పత్రంతో, ముందుగా ఉత్తరం రాసి వెళ్లండి.

గళ్ల పరిమాణాన్ని గుర్తుంచుకోండి. 0.25 డిగ్రీల గడి మన దగ్గర సుమారు 740 చదరపు కిలోమీటర్లు. పాత ఉమ్మడి కర్నూలు జిల్లాకు ఇలాంటివి 24 దాకా వస్తాయి. ఉష్ణోగ్రత గడి మాత్రం దానికి పదహారు రెట్లు. కాబట్టి ‘మా మండలపు ఉష్ణోగ్రత’ అని మీరు రాస్తున్నది నిజానికి దాదాపు జిల్లా అంతటి ప్రాంతపు సగటు. ఆ మాట నివేదికలో స్పష్టంగా చెప్పాలి.

ఒకే మండలానికి రెండు చోట్ల తెచ్చిన వాన లెక్కలు కలవడం లేదు. ఏది నమ్మాలి?

ముందు తేదీలు సరిచూడండి. వర్షమాపకాన్ని ఉదయం 8:30 గంటలకు చూస్తారు. ఆ అంకె అంతకుముందు 24 గంటల వాన. ఒక పట్టికలో దాన్ని చూసిన తేదీ కింద, మరొక పట్టికలో కురిసిన తేదీ కింద రాసి ఉంటే మొత్తం వరుస ఒక రోజు పక్కకు జరుగుతుంది. నాకు ఎదురైన తేడాల్లో ఎక్కువ భాగం ఇదే.

తేదీలు సరిపోయినా తేడా మిగిలితే, అది కొలత తప్పు కానవసరం లేదు. మన దగ్గర వేసవి చివర, ఆగస్టు–సెప్టెంబరు సాయంత్రాల్లో పడే ఉరుముల వాన ఒక ఊళ్లో కురిసి పక్క ఊరిని వదిలేస్తుంది. వర్షమాపకం ఉన్నది మండల కేంద్రంలో, చేను ఉన్నది పది కిలోమీటర్ల అవతల. వీలైతే మీరు ఎంచుకున్న ఊళ్లలో ఒక్కొక్క సాధారణ వర్షమాపకం పెట్టి, ఒక సీజనంతా ఎవరైనా ఒక రైతుతో రోజూ రాయించండి. కొలత ఎకరంలో ఎంత నీరో చెప్పగలిగితే రాసేవారికి ఆసక్తి కలుగుతుంది: ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీరు.

ప్రభుత్వ లెక్కల్లో బేళ్లు అని ఉంది, రైతు క్వింటాళ్లలో చెబుతున్నాడు. రెండింటినీ ఎలా కలపాలి?

రైతు చెప్పేది గింజతో ఉన్న పత్తి, ప్రభుత్వ పట్టికల్లో ఉండేది జిన్నింగ్ (గింజను వేరుచేయడం) తర్వాత వచ్చిన దూది. ఒక బేలు 170 కిలోల దూది. గింజ పత్తిలో దూది సుమారు మూడోవంతు. రకాన్ని బట్టి 33 నుంచి 36 శాతం. ఉదాహరణకు ఎకరాకు 8 క్వింటాళ్లు అంటే 800 కిలోల గింజ పత్తి, 34 శాతం చొప్పున 272 కిలోల దూది, హెక్టారుకు 2.47 ఎకరాలు కనుక సుమారు 672 కిలోల దూది, అంటే నాలుగు బేళ్లకు కొంచెం తక్కువ. ఈ మార్పిడిని పట్టించుకోకుండా రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, ప్రభుత్వ లెక్క తప్పని రాసిన నివేదికలు నేను చూశాను. దయచేసి ఆ పొరపాటు చేయకండి.

2022లో జిల్లా విడిపోయింది కదా, పాత లెక్కలతో కొత్తవి ఎలా పోల్చాలి?

2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది. జిల్లా అంకెలతో పనిచేస్తే 2022 తర్వాతి రెండు జిల్లాల విస్తీర్ణాన్నీ ఉత్పత్తినీ కూడి పాత ఉమ్మడి జిల్లాగా చూపండి. దిగుబడులను కూడి రెండుతో భాగించడం తప్పు. మొత్తం ఉత్పత్తిని మొత్తం విస్తీర్ణంతో భాగించాలి. అనంతపురం, కడప జిల్లాలను కూడా కలుపుకొంటే అక్కడా ఇదే జాగ్రత్త అవసరం.

## పొలంలో ఉన్నప్పుడు

రైతులను ఎప్పుడు కలవాలి? అడిగితే విసుక్కుంటున్నారు.

పత్తి విడిపించే రోజుల్లో, కాటా జరుగుతున్నప్పుడు, మందు కొట్టే పూట వెళ్లి ప్రశ్నావళి తీస్తే ఎవరైనా విసుక్కుంటారు. వాన వెలిసి సేద్యం సాగని రోజు, లేదా పొద్దు గుంకిన తర్వాత రచ్చబండ దగ్గర మాట కలుస్తుంది. పెద్దవారిని ‘పెద్దాయనా’, నడివయసు వారిని ‘అన్నా’, ‘అక్కా’ అని పలకరించి, ఎవరి బిడ్డో, ఏ ఊరో చెప్పి, ఎందుకు వచ్చారో నేరుగా చెప్పండి. మీ అధ్యయనం వల్ల పరిహారం వస్తుందన్న ఆశ మాత్రం కలిగించకండి. అప్పుల వివరాలు మీ ప్రశ్నకు అవసరం లేకపోతే అడగకండి.

ఆడవారితో తప్పకుండా మాట్లాడండి. విత్తనం నాటడం, కలుపు తీయడం, పత్తి విడిపించడం మన జిల్లాలో ఎక్కువగా వారి చేతుల మీదుగానే జరుగుతాయి. ఏ వారంలో కాయ పగిలింది, ఏ వానకు దూది నల్లబడింది, ఎండ తట్టుకోలేక పని ఏ వేళకు మార్చుకున్నారు అన్నవి పట్టా ఉన్న రైతు కంటే వారికే బాగా తెలుసు. ప్రశ్నావళిని ఇంటి యజమానితో నింపుకొని తిరిగి వచ్చేయడం ఈ అంశంలో సగం సమాచారాన్ని పొలంలోనే వదిలేయడం.

పాత సంవత్సరాలు గుర్తులేవంటున్నారు. ఏ ఏడు ఏమైందో ఎలా రాబట్టాలి?

సంవత్సరం అంకె చెప్పి అడగవద్దు, సంఘటన చెప్పి అడగండి. కర్నూలు పట్టణం మునిగిన వరద అంటే 2009 అక్టోబరు. తుంగభద్ర పుష్కరాలు 2008 డిసెంబరులో, 2020 నవంబరులో వచ్చాయి. కృష్ణా పుష్కరాలు 2004, 2016 ఆగస్టులలో. కరోనా లాక్‌డౌన్ 2020 మార్చిలో మొదలైంది. ‘కృష్ణా పుష్కరాలకు పోయినప్పుడు మీ చేను పూత మీద ఉందా, ఇంకా మోకాలెత్తేనా?’ అని అడిగితే జవాబు వస్తుంది. ఇంట్లో పెళ్లిళ్లు, పిల్లల పుట్టుకలు కూడా ఇలాగే పనికొస్తాయి.

ఇలా వచ్చిన జ్ఞాపకాన్ని అలాగే రాసుకొని, తర్వాత వర్షపాతపు లెక్కతో సరిచూడండి. చెడ్డ సంవత్సరాలు మనసులో గాఢంగా ఉండిపోతాయి, మామూలు సంవత్సరాలు చెరిగిపోతాయి. అందువల్ల జ్ఞాపకం మాత్రమే ఆధారంగా కరువులు పెరిగాయని తేల్చకూడదు.

కార్తెలను శాస్త్రీయ అధ్యయనంలో వాడవచ్చా?

నిస్సంకోచంగా వాడవచ్చు. కార్తె సూర్యుని గమనాన్ని బట్టి ఏర్పడిన సుమారు పద్నాలుగు రోజుల కాలం. చాంద్రమాన నెలల్లా అది ఏటా ముందుకూ వెనక్కూ జరగదు; ఆంగ్ల క్యాలెండరుతో పోలిస్తే దాదాపు డెబ్బై ఏళ్లకు ఒక రోజు మాత్రమే జరుగుతుంది. కాబట్టి ‘మా నాయన ఆరుద్రలో విత్తేవాడు, నేను పుష్యమిలో విత్తుతున్నాను’ అని ఒక రైతు చెబితే, జూన్ చివరి వారం నుంచి జూలై చివరి వారానికి, అంటే సుమారు నాలుగు వారాలు విత్తు వెనక్కి జరిగిందని అర్థం. ఇంత స్పష్టమైన కొలత చేతిలో పెట్టిన మనిషిని పట్టుకొని ‘తేదీ చెప్పండి’ అని అడగడం మన తప్పు.

పట్టికలో కార్తె పేరు పక్కన తేదీలు రాయండి: మృగశిర జూన్ 8 ప్రాంతం నుంచి, ఆరుద్ర 22 నుంచి, పునర్వసు జూలై 6 నుంచి, పుష్యమి 20 నుంచి, ఆశ్లేష ఆగస్టు 3 నుంచి, మఖ 17 నుంచి. విత్తు ఆలస్యానికి వానే కారణమా, ముందు పంట, విత్తనం దొరకకపోవడం, పెట్టుబడి చేతికందకపోవడం వంటివి కారణమా అన్నది వేరే ప్రశ్నగా అడగాలి.

పూత, గూడ (విచ్చుకోని పూమొగ్గ) రాలడాన్ని ఎలా లెక్కించాలి?

చేను అంచులు వదిలి, అయిదు చోట్ల రెండేసి మొక్కలు, మొత్తం పది మొక్కలు ఎంచుకొని గుర్తు కట్టండి. ప్రతి ఉదయం ఆ రోజు విచ్చిన తెల్ల పువ్వు కాడకు తేదీ రాసిన చిన్న చీటీ కట్టి, రెండు వారాల తర్వాత ఎన్ని చీటీల దగ్గర కాయ నిలిచిందో చూడండి. రాలే పిందె చాలావరకు పువ్వు పూసిన పది పన్నెండు రోజుల్లోనే రాలుతుంది. ఆ గండం గడిచిన కాయ సాధారణంగా నిలుస్తుంది. అదే రోజుల గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, వాన, మబ్బు రాసుకోండి.

రాలిన ప్రతిదీ వేడి పద్దులో వేయకండి. మంచి ఏడాదిలోనూ పత్తి తాను పెట్టిన గూడలో, పూతలో సగానికి పైగా రాల్చుకుంటుంది. ముసురు పట్టి ఎండ లేకపోయినా రాలుతుంది, పోషకాలు చాలకపోయినా రాలుతుంది. గూడ చుట్టూ ఉండే ఆకుల వంటి రక్షక పత్రాలు విచ్చుకొని పసుపు పచ్చగా మారి, లోపల రంధ్రం కనిపిస్తే అది పురుగు పని. రాలినవాటిని ఏరి, చీల్చి చూసి, పురుగు తిన్నవి వేరుగా లెక్కపెట్టండి. బెట్ట తర్వాత ఒక్కసారిగా పెద్ద వాన పడినప్పుడు మొక్క మొత్తం వాడిపోయే పారావిల్ట్ కనిపిస్తే దాన్నీ వేరుగా రాయండి. ఇలాంటి వానల తీరు పెరిగితే ఎక్కువయ్యే నష్టం కనుక దానికి ప్రత్యేక విలువ ఉంది.

నల్లరేగడి, ఎర్రనేల రెండింటి రైతులనూ ఒకే పట్టికలో పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ నేల రకం తప్పనిసరిగా ఒక గడిగా ఉండాలి. లోతైన నల్లరేగడి రెండు మూడు వారాల బెట్టను మోస్తుంది. పలుచని ఎర్రనేలలో పది రోజులకే ఆకు వాలిపోతుంది. పెద్ద వానకు కథ తిరగబడుతుంది: ఎర్రనేల నీటిని వదిలేస్తుంది, రేగడిలో నీరు నిలిచి వేరుకు ఊపిరి ఆడదు. మారుతున్న వాన ఈ రెండు నేలలను రెండు విధాలుగా దెబ్బతీస్తుంది.

## లెక్కలు కట్టేటప్పుడు

సీజన్ మొత్తం వర్షపాతానికీ దిగుబడికీ సంబంధమే కనిపించడం లేదు. నా లెక్క తప్పా?

మీ లెక్క తప్పు కాకపోవచ్చు. మొత్తం అనే అంకే ఇక్కడ పనికిరాదు. 2009ని చూడండి. ఆ ఏడు దేశమంతటా రుతుపవన వర్షపాతం సగటు కంటే 22 శాతం తగ్గింది, మన జిల్లా కూడా బెట్టలో మాడింది. సెప్టెంబరు ఆఖరున, అక్టోబరు మొదట్లో కొద్ది రోజుల్లో కుండపోత కురిసి, తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. ఆ ఏటి మొత్తాన్ని మాత్రమే చూసినవాడికి బెట్టా కనిపించదు, వరదా కనిపించదు. రెండూ కలిసి ఒక సాధారణ అంకెగా మారిపోతాయి. చేను మాత్రం రెండు దెబ్బలూ తిన్నది.

అందువల్ల పంట దశలను బట్టి వానను విభజించండి: విత్తిన తర్వాత మొదటి నెల, గూడ మొదలయ్యే కాలం, పూత–కాయ కాలం, కాయ పగిలే కాలం. ప్రతి దశలోనూ మొత్తం వానతో పాటు, 2.5 మిల్లీమీటర్లకు పైగా కురిసిన రోజుల సంఖ్య, వాటి మధ్య అతి పొడవైన ఎడం, 64.5 మిల్లీమీటర్లు దాటిన భారీ వాన రోజులు రాయండి. విత్తు తేదీ రైతుకు రైతుకు మారుతుంది కనుక దశలను క్యాలెండరు నెలలతో కాక, విత్తిన రోజు నుంచి లెక్కించాలి. పత్తికి సంబంధించి ‘ఎంత వాన’ అన్నదాని కంటే ‘ఎప్పుడు వాన’ అన్నదే పెద్ద ప్రశ్న అని నేను గట్టిగా నమ్ముతాను.

డిగ్రీ–రోజులు అంటే ఏమిటి? పత్తికి ఎలా లెక్కించాలి?

పంట రోజులను కాక, అందిన వేడిని లెక్కపెట్టుకొని ఎదుగుతుంది. పత్తికి 15.5 డిగ్రీల కంటే తక్కువ వేడి ఎదుగుదలకు పనికిరాదని భావించి, రోజు సగటు నుంచి దాన్ని తీసివేస్తారు. గరిష్ఠం 36, కనిష్ఠం 24 అయితే సగటు 30, తీసివేస్తే 14.5 డిగ్రీ–రోజులు. వీటిని రోజూ కూడుతూ పోతే పూత ఎప్పుడు వస్తుందో, కాయ ఎప్పుడు పగులుతుందో అంచనాకు వస్తుంది. వేడి పెరిగితే ఈ మొత్తం త్వరగా నిండి, కాయ నిండే గడువు తగ్గుతుంది.

అయితే ఈ పద్ధతి అతి వేడిని కూడా మేలుగానే లెక్కవేస్తుంది. అందుకే 35 డిగ్రీలు దాటిన పూత దశ రోజులను విడిగా మరొక గడిలో ఉంచాలి.

బీటీ విత్తనం వచ్చాక దిగుబడి పెరిగింది. మరి వాతావరణం వల్ల నష్టం జరిగిందని ఎలా చెప్పడం?

కాయ తొలిచే పురుగులను తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. దేశ సగటు దూది దిగుబడి 2002–03లో హెక్టారుకు సుమారు 300 కిలోలు ఉండగా, 2007–08 నాటికి 550 దాటి, తర్వాత అక్కడ నిలవలేదు. ఈ పెరుగుదలలో విత్తనం, ఎరువు, నీటి వసతి, శనగపచ్చ పురుగు తగ్గడం అన్నీ కలిసి ఉన్నాయి. కాలంతో పాటు ఉష్ణోగ్రతా పెరిగింది కాబట్టి, రెండింటినీ నేరుగా పోలిస్తే ‘వేడి పెరిగితే దిగుబడి పెరుగుతుంది’ అన్న తప్పుడు ఫలితం వస్తుంది.

దీన్ని తప్పించే సులభ మార్గం తేడాలను పోల్చడం: ఈ ఏటి దిగుబడికీ కిందటి ఏటి దిగుబడికీ ఉన్న తేడాను, ఈ ఏటి వానకూ కిందటి ఏటి వానకూ ఉన్న తేడాతో పోల్చండి. విత్తనం మెల్లగా మారుతుంది, వాన ఏటికేడు మారుతుంది. కాబట్టి తేడాల్లో వాన ప్రభావం బయటపడుతుంది. పలు మండలాల సమాచారం ఉంటే, ప్రతి మండలాన్నీ దాని సొంత సగటుతోనే పోల్చే పద్ధతి ఇంకా మంచిది. 2002, 2006 వంటి మలుపులను గుర్తించి, ఆ కాలాలను వేరువేరుగా కూడా లెక్కించండి. కాలువ కింది పొలాలైతే నీరు రాని సంవత్సరాలను గుర్తు పెట్టుకోవాలి. 2024 ఆగస్టులో తుంగభద్ర జలాశయం 19వ గేటు కొట్టుకుపోవడం వంటి ఘటనను వాన పద్దులో వేయలేము.

గులాబీ రంగు పురుగు పెరగడానికి వాతావరణ మార్పే కారణమని మా ఊళ్లో అంటున్నారు. రాయవచ్చా?

ఒక్క కారణంగా రాయవద్దు. వెచ్చదనం పెరిగితే ఈ పురుగు జీవితచక్రం త్వరగా పూర్తయి, ఒక సీజన్‌లో తరాలు పెరుగుతాయన్నది నిజమే. కానీ రెండు జన్యువుల బీటీని తట్టుకునే శక్తి ఈ పురుగుకు వచ్చిందన్నది 2014–15 ప్రాంతంలో గుజరాత్‌లో బయటపడి, తర్వాత ఇతర రాష్ట్రాల్లోనూ కనిపించింది; అది ఎండ వల్ల జరిగినది కాదు. నీరుంది కదా అని పంటను ఫిబ్రవరి, మార్చి దాకా పొడిగించడం, పత్తి కట్టెను చేను గట్టు మీద వదిలేయడం, జిన్నింగ్ మిల్లుల దగ్గర మిగిలిన గింజలో పురుగు బతికి ఉండటం పెద్ద కారణాలు.

ఈ జవాబులో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అంతా వాతావరణమే అని రాస్తే, ఊరంతా కలిసి సకాలంలో కట్టె తీసేస్తే తగ్గే నష్టాన్ని కూడా ఎవరి చేతిలోనూ లేనిదిగా చూపినట్లవుతుంది. రైతుకు చేతనైన పనిని రైతుకు కనిపించకుండా చేసే నివేదిక అతనికి హాని చేస్తుంది.

పన్నెండు నెలల వాన, ఎండ అన్నీ పెట్టి చూస్తే వాటిలో రెండింటికి దిగుబడితో గట్టి సంబంధం వచ్చింది. చాలదా?

ఇరవై నాలుగు అంశాలను ఇరవై ఏళ్ల దిగుబడితో పోలిస్తే, ఏ సంబంధం లేకపోయినా ఒకటి రెండు యాదృచ్ఛికంగా గట్టిగా కనిపిస్తాయి. ఏ దశలో ఏ అంశాన్ని చూడబోతున్నారో, ఎందుకో లెక్కకు ముందే రాసి పెట్టుకోండి. మొక్క శరీరధర్మంతో పొసగని ఫలితం, ఉదాహరణకు విత్తడానికి ముందరి ఫిబ్రవరి వేడికి మెట్ట పత్తి దిగుబడితో సంబంధం, ఎంత గట్టిగా వచ్చినా అనుమానించండి.

## భవిష్యత్తు అంచనాలు

ఏ పంట నమూనా వాడాలి?

పంట నమూనా అంటే నేల, వాన, ఎండ వివరాలు ఇస్తే పంట ఎదుగుదలను, దిగుబడిని లెక్కకట్టే కంప్యూటరు ప్రోగ్రాం. పత్తికి క్రాప్‌గ్రో–కాటన్, ఆజ్‌కాట్, గాసిమ్, ఆక్వాక్రాప్, భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన ఇన్ఫోక్రాప్ వంటివి ఉన్నాయి. మెట్ట సేద్యంలో నీటి పాత్రనే చూడదలిస్తే ఆక్వాక్రాప్ తక్కువ వివరాలతో నడుస్తుంది. దశలు, కాయలు వివరంగా కావాలంటే క్రాప్‌గ్రో–కాటన్ మేలు. ఏది ఎంచుకున్నా ముందు మన నేల, మన రకం, మన విత్తు తేదీలతో జరిగిపోయిన సంవత్సరాల దిగుబడిని అది చెప్పగలుగుతోందా అని పరీక్షించాలి. గడిచిన ఏళ్లను చెప్పలేని నమూనాతో 2050ని చెప్పించకూడదు. ఈ నమూనాలు పురుగును సాధారణంగా లెక్కలోకి తీసుకోవని కూడా రాయండి.

2050లో కర్నూలు పత్తి దిగుబడి ఇంత అని ఒక అంకె ఇవ్వవచ్చా?

ఒక అంకె ఇవ్వకండి, ఎంత నుంచి ఎంత దాకా ఉండవచ్చో ఇవ్వండి. 2021లో వచ్చిన ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) ఆరో నివేదిక మానవాళి ఎంత ఉద్గారాలు వెలువరిస్తుందన్నదాన్ని బట్టి వేర్వేరు మార్గాలను ఊహించింది. కనీసం ఒక మధ్యస్థ మార్గం, ఒక అధిక ఉద్గారాల మార్గం తీసుకొని, ఒక్కోదానికి అయిదారు ప్రపంచ వాతావరణ నమూనాల ఫలితాలు చూడండి. ఉష్ణోగ్రత విషయంలో అన్నీ ఒకే దిశ చూపుతాయి. మన ప్రాంతపు వాన విషయంలో ఎంత, ఎప్పుడు అన్నదానిపై వాటి మధ్య చాలా తేడా ఉంటుంది. ఆ తేడాను సగటు కింద దాచకుండా చూపించాలి. ప్రపంచ నమూనా అంకెలను ఇక్కడి కొలతలతో సరిచేయకుండా నేరుగా వాడకూడదు.

## రాసేటప్పుడు, తిరిగి చెప్పేటప్పుడు

ఏడాది కష్టపడితే సంబంధం ఏమీ తేలలేదు. ప్రాజెక్టు వృథా అయినట్లేనా?

కాలేదు. ఏ మండలాల్లో, ఏ కాలంలో, ఏ పద్ధతితో వెతికితే దొరకలేదో స్పష్టంగా రాసిన నివేదిక తర్వాత వచ్చేవారికి దారి చూపుతుంది. దొరకలేదని అంకెలు మార్చి, ఏళ్లు వదిలేసి, దొరికేదాకా లెక్కకట్టడం మాత్రం క్షమించరాని పని.

ధరల మీద కూడా వాతావరణ ప్రభావం చూపించవచ్చా?

ఒక మార్గం బాగా కనిపిస్తుంది. పత్తి విడిపించే రోజుల్లో ముసురు పడితే దూదిలో తేమ పెరుగుతుంది, రంగు చెడుతుంది. భారత పత్తి సంస్థ కొనుగోలులో తేమ 8 శాతాన్ని ప్రమాణంగా తీసుకొని, 12 శాతం దాటితే తీసుకోదు. ఆదోని మార్కెట్ యార్డుకు ఏ వారంలో ఎంత సరుకు వచ్చింది, ఆ వారం ధర ఎలా ఉంది, అంతకుముందు పది రోజుల్లో ఎన్ని వాన రోజులు అన్న మూడు వరుసలు పక్కపక్కన పెట్టండి. అంతర్జాతీయ ధర ప్రభావాన్ని తప్పించడానికి, అదే వారంలో వాన పడని మరో మార్కెట్ ధరతో తేడా తీసుకోవాలి.

ఫలితాలను రైతులకు ఎలా చెప్పాలి?

వారి కొలతల్లో చెప్పండి. హెక్టారుకు దూది కిలోలు కాదు, ఎకరాకు క్వింటాళ్లు. ప్రామాణిక వారాలు కాదు, కార్తెలు. ‘మఖ, పుబ్బ కార్తెల్లో పదిహేను రోజులకు మించి వాన లేని సంవత్సరాలు ముందు పదిహేనేళ్లలో ఇన్ని, తర్వాత పదిహేనేళ్లలో ఇన్ని, ఆ సంవత్సరాల్లో ఎర్రనేల చేలు ఎకరాకు ఇంత తగ్గాయి, రేగడి చేలు ఇంత తగ్గాయి’ అన్న వాక్యం అందరికీ అందుతుంది. ఒక పేజీలో, పెద్ద అక్షరాల్లో అచ్చువేసి, ఊరి రైతు సేవా కేంద్రం గోడకు అంటించండి. మీకు జవాబులు చెప్పిన ప్రతి ఇంటికీ ఒక ప్రతి ఇవ్వండి. చదవడం రానివారికి కూర్చుని చదివి వినిపించండి. వారు తప్పని చెప్పిన చోట రాసుకొని, తుది ప్రతి కట్టించక ముందే పొలం పుస్తకాలతో మరొకసారి సరిచూడండి.